నిలబెట్టి పాతిపెట్టిన గుర్రం... దాని వంశంలో చిరిగిపోయే చర్మం

ఈరోజు ఎపిసోడ్ ఒక సమాధితో మొదలుపెడదాం. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, వెర్నన్ అనే ఊరి దగ్గర, 283 నంబర్ హైవే పక్కన ఒక పెద్ద గ్రానైట్ రాయి ఉంటుంది. దాని కింద ఉన్నది రాజూ కాదు, ప్రెసిడెంటూ కాదు. ఒక గుర్రం. పేరు పోకో బ్వేనో. 1944లో పుట్టింది, 1969 నవంబర్‌లో చనిపోయింది. దాన్ని పడుకోబెట్టి పాతిపెట్టలేదు, నిలబెట్టి పాతిపెట్టారు. ఎందుకంటే దాని ఓనర్ పాల్ వాగనర్ వీలునామాలో అలా రాసి పోయాడు. ఆయన 1967లోనే చనిపోయాడు, గుర్రం ఇంకో రెండేళ్లు బతికింది. అది పోయాక ఆయన మాట ప్రకారం నిలబెట్టే గొయ్యిలో దించారు.

ఇంత గౌరవం దక్కిన గుర్రం పేరు ఈరోజు వెటర్నరీ డాక్టర్లు ఎందుకు తలుచుకుంటారో తెలుసా? ఒక చర్మ రోగం వల్ల. మామూలు గజ్జి, తామర లాంటిది కాదు. ఈ రోగం ఉన్న గుర్రం మీద జీను వేసి మనిషి ఎక్కితే, వీపు మీద చర్మం లోపలి పొరల్లోంచి విడిపోతుంది. పాత దిండు గలీబు కుట్టు ఊడినట్టు. కొన్నిసార్లు పైకి చిరుగుతుంది, కొన్నిసార్లు లోపల రక్తమో నీరో నిండి గడ్డలా ఉబ్బుతుంది. మానడానికి చాలా కాలం పడుతుంది, మానినా అక్కడ వికారమైన మచ్చ మిగిలిపోతుంది, దాని మీద తెల్ల వెంట్రుకలు వస్తాయి. చర్మాన్ని వేళ్లతో పట్టుకుని లాగితే సాగుతుంది, కానీ మళ్లీ సరిగ్గా వెనక్కి వెళ్లదు.

దీనికి పెట్టిన పేరు కాస్త పొడుగు: హెరెడిటరీ ఈక్వైన్ రీజనల్ డెర్మల్ ఆస్థీనియా. అందరూ హెర్డా అంటారు. మనం కూడా అదే అందాం, లేకపోతే ఈ ఎపిసోడ్ గంటన్నర అవుతుంది.

ముందు ఒక్క చిన్న క్లారిటీ. పుట్టుకతో వచ్చేది, వంశంలో వచ్చేది... ఈ రెండూ ఒకటే అనుకుంటాం మనం. కాదు. పుట్టేటప్పటికే కనిపించే లోపం వంశంలో లేకపోవచ్చు, కడుపులో ఉన్నప్పుడు ఏదో తేడా జరిగి వచ్చి ఉండొచ్చు. అలాగే వంశంలోంచి వచ్చే లోపం పుట్టగానే కనపడకపోవచ్చు. హెర్డా ఈ రెండో రకం. పిల్ల పుట్టినప్పుడు ముద్దుగా ఉంటుంది, గంతులేస్తుంది. దాదాపు రెండేళ్ల వయసులో, ట్రైనింగ్ కోసం మొదటిసారి జీను కట్టినప్పుడు బయటపడుతుంది. అంటే అప్పటిదాకా పెట్టిన తిండి, ఖర్చు, పెట్టుకున్న ఆశ, అన్నీ అయిపోయాక. అదే ఇందులో అన్నిటికంటే క్రూరమైన విషయం అని నాకనిపిస్తుంది.

సరే, కథలోకి వెళ్దాం.

అమెరికన్ క్వార్టర్ హార్స్ అనే జాతి ఉంది. పావు మైలు, అంటే 400 మీటర్ల దూరం దీనంత వేగంగా ఇంకే గుర్రమూ పరిగెత్తలేదని ఆ పేరు. పొట్టిగా, గట్టిగా, వెనక తొడలు కొండల్లా ఉంటాయి. కౌబాయ్ సినిమాల్లో చూసే గుర్రాలు చాలా వరకు ఇవే. 1940లో ఫోర్ట్‌వర్త్‌లో వీటికోసం ఒక సంఘం పెట్టారు, అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్. ప్రతి గుర్రానికి నంబరు, తండ్రి, తల్లి, తాత, ముత్తాత, అన్నీ రికార్డు. ఒక రకంగా డేటాబేస్ అన్నమాట, కాకపోతే కంప్యూటర్ల కంటే ముందే కాగితాల మీద. ఈ రికార్డు గుర్తుపెట్టుకోండి, తర్వాత ఇదే సాక్ష్యం అవుతుంది.

పోకో బ్వేనో తండ్రి పేరు కింగ్. రిజిస్టర్‌లో నంబర్ 234. టెక్సస్‌లో రాక్‌స్ప్రింగ్స్ దగ్గర జెస్ హాన్‌కిన్స్ దగ్గర ఉండేది. 1945లో ఏడాది పిల్లగా ఉన్న పోకో బ్వేనోని వాగనర్ 5,700 డాలర్లకి కొన్నాడు. అప్పట్లో అది పెద్ద మొత్తం. ఈ వాగనర్ రాంచ్ ఎంతుండేదో చెప్పనా? 5 లక్షల ఎకరాలకు పైనే, ఒకే కంచె లోపల. మన పాత జీహెచ్ఎంసీ మొత్తం విస్తీర్ణానికి మూడు రెట్లు. ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఇంకో ముక్క: 2016లో ఆ రాంచ్‌ని కొన్నది ఆర్సెనల్ క్లబ్ ఓనర్ స్టాన్ క్రోంకీ.

పోకో బ్వేనో మొదట షోల్లో, అంటే అందాల పోటీల్లాంటి వాటిలో గెలిచింది. తర్వాత 1948 నుంచి కటింగ్‌లోకి దిగింది. కటింగ్ అంటే కత్తిరించడం కాదండి. పశువుల మందలోంచి ఒక్క ఆవుని విడదీసి, అది తిరిగి మందలోకి దూరకుండా అడ్డుకోవడం. రైడర్ కళ్లెం వదిలేస్తాడు, గుర్రమే చూసుకుంటుంది. ఆవు ఎడమకి వెళ్తే గుర్రం దానికంటే ముందే ఎడమకి వాలిపోతుంది. కబడ్డీలో రైడర్‌ని మిడ్‌లైన్ దాటకుండా ఆపే డిఫెండర్ లాగా. వీడియోలు ఉన్నాయి, ఒకసారి చూడండి, గుర్రం పొట్ట నేలకి తగులుతుందేమో అన్నట్టుంటుంది. ఈ పనిలో పోకో బ్వేనో దిట్ట. లక్ష డాలర్లకి ఇన్సూరెన్స్ చేసిన మొదటి క్వార్టర్ హార్స్ ఇదే.

గొప్ప గుర్రం దొరికితే ఏం చేస్తారు? పిల్లల్ని కనిపిస్తారు. దీనికి రిజిస్టర్ అయిన పిల్లలు 405. అందులో 36 సంఘం చాంపియన్లు. పల్లెటూళ్లో మంచి ఆంబోతు ఉంటే చుట్టుపక్కల పది ఊళ్ల ఆవుల్ని తోలుకొచ్చినట్టే, కాకపోతే ఇక్కడ స్కేల్ వేరు, డబ్బు వేరు.

ఇప్పుడు ఈ కథలో నాకు బాగా ఇష్టమైన క్యారెక్టర్ దగ్గరికి వచ్చాం. పోకో లీనా. పోకో బ్వేనో కూతురు, 1949లో పుట్టింది. కటింగ్‌లో తండ్రిని మించిన కూతురు. ఏళ్ల తరబడి ప్రతి పోటీలోనూ మొదటి వరసలో ఉండేది. ఒకసారి దాని యజమాని దాన్ని ట్రెయిలర్‌లో పంపి, తను విమానంలో బయల్దేరాడు. ఆ విమానం కూలి ఆయన చనిపోయాడు. ఆ గందరగోళంలో ట్రెయిలర్‌లో ఉన్న గుర్రం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాలుగు రోజులు తిండి లేదు, నీళ్లు లేవు, కూర్చోడానికి చోటు లేదు. తీసేసరికి కాళ్లు పాడైపోయాయి. డెక్క లోపల వాపు వచ్చి, జీవితాంతం నొప్పితోనే నడిచింది. పోటీలు అక్కడితో అయిపోయాయి.

కానీ దాని రక్తం కావాలి కదా. కుంటుతున్న ఆ గుర్రాన్ని కాలిఫోర్నియాలో డాక్ బార్ అనే మగ గుర్రంతో కలిపారు. ఈ డాక్ బార్‌ది ఇంకో కథ, రేస్ గుర్రంగా నాలుగు పరుగుల్లో 95 డాలర్లు మాత్రమే గెలిచిన ఫ్లాప్ స్టార్. అలాంటి ఇద్దరికీ 1967లో ఒక పిల్ల పుట్టింది, డాక్ ఓలీనా. మరుసటి ఏడాది ఇంకోటి, డ్రై డాక్. 1970లో కటింగ్ గుర్రాల పెద్ద పోటీ, మూడేళ్ల పిల్లలకి పెట్టే ఫ్యూచురిటీ, అందులో ప్రతి రౌండూ డాక్ ఓలీనానే గెలిచింది. 1971లో తమ్ముడు డ్రై డాక్ గెలిచింది. తల్లి అప్పటికే లేదు, 1968 చివర్లో నొప్పి భరించలేని స్థితికి వస్తే నిద్రపుచ్చేశారు.

డాక్ ఓలీనా కొడుకు స్మార్ట్ లిటిల్ లీనా. 1979లో పుట్టింది. 1982లో ఫ్యూచురిటీ, 1983లో సూపర్ స్టేక్స్, డెర్బీ, మూడూ గెలిచి కటింగ్‌లో మొదటి ట్రిపుల్ క్రౌన్ విజేత అయింది. ఇక దీని పిల్లలెంతమందో, వాళ్ల పిల్లలెంతమందో లెక్క వేయడం మొదలుపెడితే అయ్యే పని కాదు.

చూశారా, తాత, కూతురు, మనవడు, మునిమనవడు. నాలుగు తరాలు, నాలుగూ సూపర్ స్టార్లే. మన తెలుగు సినిమా ఫ్యామిలీల్లాగే ఉంది అనుకుంటున్నారా? నేను పేర్లు చెప్పను.

ఇదంతా జరుగుతున్నప్పుడే, 1978లో, ఒక వెటర్నరీ జర్నల్‌లో ఇద్దరు డాక్టర్లు రెండు గుర్రాల గురించి చిన్న రిపోర్ట్ రాశారు. చర్మం విపరీతంగా సాగుతోంది, తేలిగ్గా చిరుగుతోంది అని. రెండే గుర్రాలు. ఎవరు పట్టించుకుంటారు? తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి కేసులు బయటికొచ్చాయి. అన్నీ క్వార్టర్ హార్స్‌లే, లేదా ఆ రక్తం కలిసిన పెయింట్, అపలూసా జాతులు. చాలా వాటి పెడిగ్రీ తీస్తే తండ్రి వైపు నుంచీ పోకో బ్వేనో, తల్లి వైపు నుంచీ పోకో బ్వేనో. రెండు వైపులా.

ఈ 'రెండు వైపులా' అనే మాట మీద కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు మెకానిజం మొత్తం ఇక్కడే ఉంది.

ప్రతి జీన్‌కి మనలో రెండు కాపీలు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. సర్వర్‌కి బ్యాకప్ సర్వర్ ఉన్నట్టు. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది, బయట యూజర్‌కి ఏమీ తెలియదు. అలాంటి గుర్రాన్ని క్యారియర్ అంటారు. మనం వాహకం అనుకోవచ్చు. దానికి రోగం ఉండదు, చర్మం మామూలుగానే ఉంటుంది, పోటీల్లో గెలుస్తుంది కూడా. కానీ దాని ప్రతి పిల్లకీ ఆ పాడైన కాపీ వెళ్లే అవకాశం సగానికి సగం. ఇద్దరు క్యారియర్లు కలిస్తేనే సమస్య. పుట్టే పిల్లల్లో నాలుగింట ఒకటికి రెండు కాపీలూ పాడైనవే వస్తాయి. బ్యాకప్ కూడా లేదు. దానికే హెర్డా.

ఇప్పుడు ఆలోచించండి. నాలుగింట మూడు పిల్లలు బాగానే పుడతాయి. పైగా బాగున్న ఆ మూడింట్లో సగటున రెండు క్యారియర్లే. అవి పెరిగి, గెలిచి, మళ్లీ పిల్లల్ని కంటాయి. రోగం ఉన్న ఆ ఒక్కటీ మాయమవుతుంది. దానికి మందు లేదు, జీను వేయలేరు, ఎండ కూడా పడదు. చాలా వాటిని చంపేస్తారు. మాయమైన గుర్రం రిజిస్టర్‌లో చాంపియన్ కాదు, కాబట్టి కథ రాసేవాళ్లకి కనపడదు. సినిమా హిట్లు మాత్రమే చూసి ఇండస్ట్రీ బంగారం అనుకున్నట్టు.

ఇంకా దీని పైన లైన్ బ్రీడింగ్ అనే పద్ధతి. అంటే గొప్ప తాత రక్తం గట్టిపడాలని, అదే తాత మనవడిని అదే తాత మనవరాలితో కలపడం. పాంప్లెట్‌లో దీన్ని గొప్పగా వేస్తారు, 'పోకో బ్వేనో రెండు వైపులా' అని. నిజం చెప్పాలంటే ఇది మనకి కొత్తేం కాదు. మేనరికం. మేనమామని చేసుకోవడం, మేనబావని చేసుకోవడం. ఆస్తి బయటికి పోకూడదని, తెలిసిన ఇల్లు అని, అమ్మాయి కళ్లముందే ఉంటుందని. మన ఆంధ్రా, తెలంగాణల్లో ఇది తరతరాలుగా ఉన్న ఆచారం, మీ ఇంట్లోనే రెండు జంటలు ఉండొచ్చు. నేను ఎవరినీ తప్పు పట్టట్లేదు. లెక్క మాత్రం చెప్తాను: మేనమామ, మేనకోడలు పెళ్లిలో పుట్టే పిల్లకి ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనబావ, మేనమరదలైతే పదహారింట ఒకటి. ఆ కాపీ మంచిదైతే ఏమీ కాదు. అందుకే చాలా కుటుంబాల్లో ఏమీ కాదు, అందుకే 'మా ఇంట్లో ఎవరికీ ఏం కాలేదే' అనే మాట కూడా నిజమే. ఆ కాపీ పాడైనదైతేనే. గుర్రాల్లోనూ సరిగ్గా ఇదే.

ఓకే, ఇప్పుడు టెక్సస్ వదిలేసి బెల్జియం వెళ్దాం. ఈ మలుపు అవసరం.

1967లో బెల్జియంలో హాన్‌సెట్, ఆన్సే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొన్ని దూడల గురించి రాశారు. వాటి చర్మం కూడా ఇలాగే, ఇంకా ఘోరంగా, చిన్న తాకిడికే చిరిగిపోయేది. దానికి గ్రీకు మాటలతో డెర్మటోస్పరాక్సిస్ అని పేరు పెట్టారు. చర్మం చిరగడం అనే అర్థం. ఆ దూడల చర్మాన్ని లియేజ్ నగరంలోని ల్యాబ్‌లో లాపియేర్ బృందం పరిశీలించింది. చర్మానికి బలం ఇచ్చేది కొలాజెన్ అనే ప్రొటీన్. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పౌడర్ డబ్బాల్లో అమ్ముతున్నారే, అదే. మూడు పోగులు పేనిన తాడులా ఉంటుంది. 1971లో వాళ్లు తేల్చింది ఏంటంటే, కణం ఈ తాడుని మొదట అవసరమైన దానికంటే పొడుగ్గా, చివర్లో అదనపు ముక్కతో తయారు చేస్తుంది. తర్వాత ఒక ఎంజైమ్ వచ్చి ఆ ముక్కని కత్తిరిస్తుంది. అప్పుడే తాళ్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని మోకులా గట్టిపడతాయి. ఈ దూడల్లో ఆ కత్తెర లేదు. కొసలు తెగని తాళ్లు సరిగ్గా సర్దుకోక రిబ్బన్ ముక్కల్లా చిందరవందరగా పడి ఉంటాయి.

ఆగండి, అసలు విషయం ఇప్పుడొస్తుంది. అప్పటికి మనుషుల్లో ఈ జబ్బు ఉందని ఎవరికీ తెలియదు. 1992లో, అంటే 21 ఏళ్ల తర్వాత, చర్మం ఇలాగే చిరిగిపోతున్న పిల్లల్ని డాక్టర్లు గుర్తించారు. ఏం చూడాలో వాళ్లకి ముందే తెలుసు, ఎందుకంటే దూడ చెప్పింది. ఆ కత్తెర జీన్ ఏదో 1999లో దొరికింది, అదీ దూడలో, మనిషిలో ఒకే పేపర్‌లో. మామూలుగా మనిషి మీద కనిపెట్టింది జంతువులకి వాడతాం అనుకుంటాం. ఇక్కడ ఉల్టా. ఒక బెల్జియం పశువుల కొట్టం మనిషి వైద్యానికి దారి చూపించింది. ఈ ముక్క నాకు మొదటిసారి చదివినప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు.

మరి గుర్రంలోనూ ఇదే కత్తెర పోయిందా? అలా అనుకోవడం సహజం. కానీ కాదు. గుర్రం చర్మాన్ని మైక్రోస్కోప్ కింద పెడితే తేడా కనపడింది, లోపలి పొరలో ఒక గీత గీసినట్టు విడిపోవడం ఉంది. అది కూడా ప్రతి బయాప్సీలో స్పష్టంగా దొరకదు. అందుకే జీన్ వెతకాల్సిందే అనుకున్నారు.

కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ క్యాంపస్. వెటర్నరీ చర్మ వైద్యుడు స్టీఫెన్ వైట్, జెనెటిక్స్ వైపు డానికా బన్నాష్, రాబర్ట్ ట్రయాన్. వీళ్లు వాడిన ఐడియా ఇంజినీర్లకి బాగా నచ్చుతుంది. రోగం ఉన్న గుర్రాలన్నిటికీ పాడైన కాపీ ఒకే పూర్వీకుడి నుంచి, రెండు దారుల్లో వచ్చింది అనుకుందాం. అప్పుడు ఆ జీన్ చుట్టూ ఉన్న డి.ఎన్.ఏ. ముక్క కూడా రెండు కాపీల్లోనూ అచ్చంగా ఒకేలా ఉండాలి. కాపీ పేస్ట్ చేసినప్పుడు బగ్ ఉన్న లైన్ ఒక్కటే రాదు కదా, దాని పైన నాలుగు లైన్లు, కింద నాలుగు లైన్లు కూడా వచ్చేస్తాయి. పక్కోడి అసైన్‌మెంట్ కాపీ కొట్టినప్పుడు వాడి స్పెల్లింగ్ మిస్టేక్ కూడా వచ్చి దొరికిపోతామే, అచ్చం అలాగే. కాబట్టి రోగం ఉన్న గుర్రాలన్నిట్లో రెండు కాపీలూ ఒకేలా ఉన్న చోటు ఎక్కడో వెతికితే చాలు.

దొరికింది. గుర్రం ఒకటో క్రోమోజోమ్ మీద. 2007లో పబ్లిష్ చేశారు. జీన్ పేరు పీపీఐబీ. అది తయారు చేసే ప్రొటీన్ సైక్లోఫిలిన్ బీ. అందులో ఒక్క అక్షరం మారింది, 'జి' ఉండాల్సిన చోట 'ఏ'. గుర్రం జీనోమ్‌లో ఇంచుమించు 270 కోట్ల అక్షరాలు ఉంటాయి. అందులో ఒక్కటి.

సైక్లోఫిలిన్ బీ ఏం చేస్తుంది? కణం లోపల కొలాజెన్ తాడు పేనుతున్నప్పుడు పక్కనుండి సాయం చేసే పనివాడు. తనొక్కడే కాదు, ఇంకో ఇద్దరు ముగ్గురు పనివాళ్ల చెయ్యి పట్టుకుని పనిచేస్తాడు. 2012లో ఒక పరిశోధన తేల్చిందేంటంటే, మారిన ప్రొటీన్ తన సొంత పని బాగానే చేస్తుంది, కానీ పక్కవాడి చెయ్యి పట్టుకోవడంలో తప్పు చేస్తుంది. దాంతో కొలాజెన్ మడత పడటం ఆలస్యం అవుతుంది, తాళ్ల మధ్య పడాల్సిన ముళ్లు సరిగ్గా పడవు. కోడ్ కంపైల్ అవుతుంది, యూనిట్ టెస్ట్ పాస్ అవుతుంది, ఇంటిగ్రేషన్‌లో పేలుతుంది. ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఇప్పుడు తల ఊపుతూ ఉంటారు.

ఇంకో విచిత్రం. ఇదే జీన్ రెండు కాపీలూ పాడైతే మనుషుల్లో ఏమవుతుందో 2009 తర్వాత తెలిసింది. చర్మం కాదు, ఎముకలు. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా విరిగిపోయే జబ్బు. ఒకే పనివాడు తప్పు చేస్తే గుర్రంలో చర్మం చిరుగుతోంది, మనిషిలో ఎముక విరుగుతోంది. పాడైన తీరు వేరు, కాబట్టి ఫలితం వేరు.

ఇప్పుడు లెక్కలకి వద్దాం. టెస్ట్ వచ్చాక క్వార్టర్ హార్స్‌లని గుంపులుగా పరీక్షించారు, 2009లో ఫలితాలు వచ్చాయి. మొత్తం జాతిలో క్యారియర్లు దాదాపు 3.5 శాతం. పెద్దగా అనిపించదు. కానీ టాప్ కటింగ్ గుర్రాల్లో? 28.3 శాతం. నాలుగింట ఒకటి కంటే ఎక్కువ! కళ్లు మూసుకుని రెండు కటింగ్ గుర్రాల్ని కలిపితే ఇద్దరూ క్యారియర్లు అయ్యే అవకాశం సుమారు 8 శాతం. అందులో నాలుగో వంతు, అంటే 2 శాతం. ప్రతి యాభై పిల్లల్లో ఒకటి.

కొంతమంది దీన్ని చూసి ఇంకో మాట అన్నారు: క్యారియర్ గుర్రాలకి కీళ్లు కాస్త వదులుగా, ఒళ్లు కాస్త సాగేలా ఉండి కటింగ్‌లో అదనపు లాభం ఉందేమో, అందుకే అవే గెలిచి, అవే పెరిగాయేమో అని. వినడానికి బాగుంటుంది, థంబ్‌నెయిల్‌కి ఇంకా బాగుంటుంది. నా అభిప్రాయం మాత్రం, ఇంత దూరం వెళ్లక్కర్లేదు. ఒక గొప్ప గుర్రానికి 405 పిల్లలు, వాటిలో గొప్పవాటికి వందల పిల్లలు పుట్టిస్తే, ఆ గుర్రంలో ఏముంటే అది జాతిలో పరుచుకుంటుంది. గెలిపించే జీన్లతో పాటు ఇది కూడా బండెక్కింది.

ఇక్కడ ఎవరి మీద కోపం రావాలి? పోకో బ్వేనో మీద కాదు, పాపం దానికేం తెలుసు. 1950ల బ్రీడర్ల మీద కూడా కాదు, వాళ్ల దగ్గర టెస్ట్ లేదు. నాకు ఇబ్బందిగా అనిపించేది 1978కీ 2007కీ మధ్య ఉన్న 29 ఏళ్లు. లక్షల డాలర్లు తెచ్చే మగ గుర్రానికి చర్మం చిరిగే పిల్ల పుట్టిందని ఓనర్ నోరు విప్పి చెప్తాడా? చెప్తే మరుసటి సీజన్‌కి ఒక్క ఆడ గుర్రం కూడా రాదు. సంబంధం చూసేటప్పుడు మన ఇళ్లల్లో ఫిట్స్ ఉన్న చిన్నాన్న గురించి, మాటలు రాని అత్త కూతురు గురించి ఎవరూ ఎత్తరు చూడండి, అలాంటి మౌనమే. పెడిగ్రీ కాగితంలో తాత గెలిచిన కప్పులన్నీ ఉంటాయి, చచ్చిపోయిన పిల్లలు ఉండవు.

ఇది గుర్రాలకే ప్రత్యేకం అనుకోకండి. వెంట్రుకలు లేని స్ఫింక్స్ పిల్లి 1966లో టొరంటోలో పుట్టిన ఒక బోడి పిల్లి కూనతో మొదలైంది, అది కెరటిన్ జీన్‌లో వచ్చిన లోపం. మనం దానికి స్వెటర్ వేసి రీల్స్ చేస్తాం. షార్‌పే కుక్క చర్మం ముడతలు చూసి 'సో క్యూట్' అంటాం కదా. ఆ ముడతల్ని తెచ్చే జన్యు మార్పుకీ, ఆ జాతికి మాటిమాటికీ వచ్చే జ్వరానికీ సంబంధం ఉందని 2011లో తేలింది. వీటి మీద విడిగా ఒక ఎపిసోడ్ చేయొచ్చు, కామెంట్లలో చెప్పండి.

మళ్లీ గుర్రం దగ్గరికి. స్మార్ట్ లిటిల్ లీనా గుర్తుందిగా, ట్రిపుల్ క్రౌన్. అది కూడా హెర్డా క్యారియరే. 2006లో, అంటే జీన్ దొరకడానికి ఏడాది ముందు, దాన్ని క్లోన్ చేశారు. ఐదు పిల్లలు పుట్టాయి. క్లోన్ అంటే అచ్చం అదే డి.ఎన్.ఏ. కాబట్టి గెలిపించే జీన్లతో పాటు ఆ తప్పు అక్షరం కూడా ఐదు కాపీలు అయింది. క్లోన్లని రిజిస్టర్ చేయడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదు, దాని మీద కోర్టు కేసుల దాకా వెళ్లారు, చివరికి 2015లో అప్పీల్ కోర్టు అసోసియేషన్ వైపే తీర్పు చెప్పింది. ఆ కేసు హెర్డా గురించి కాదు, కానీ ఈ కథ విన్నాక నాకు రెండూ పక్కపక్కనే గుర్తొస్తాయి.

టెస్ట్ ఎలా చేస్తారంటారా? చాలా సింపుల్. జూలులోంచి కొన్ని వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి, కవర్లో పెట్టి ల్యాబ్‌కి పోస్ట్ చేయడమే. రెండు మంచి కాపీలుంటే ఎన్/ఎన్ అని వస్తుంది. ఒకటి పాడైతే ఎన్/హెచ్‌ఆర్‌డి. రెండూ పాడైతే హెచ్‌ఆర్‌డి/హెచ్‌ఆర్‌డి.

మరి క్యారియర్లని నిషేధించారా? లేదు. ఇదే జాతిలో ఇంప్రెసివ్ అనే ఇంకో ఫేమస్ గుర్రం నుంచి కండరాల జబ్బు వ్యాపించింది, దాని విషయంలో మాత్రం రెండు కాపీలూ పాడైన పిల్లల్ని 2007 నుంచి రిజిస్టర్ చేయడం ఆపేశారు. హెర్డా విషయంలో వేరే దారి పట్టారు. 2015లో పిల్లల్ని కనే ప్రతి మగ గుర్రానికీ వంశ రోగాల టెస్ట్ తప్పనిసరి చేశారు, అప్పట్లో ఐదు రోగాలకి, అందులో హెర్డా ఒకటి. రిపోర్ట్ అసోసియేషన్ దగ్గర ఉండాలి. అంతే. క్యారియర్‌ని వాడుకోవచ్చు, కానీ దాచలేవు.

నేను దీన్ని సరైన నిర్ణయం అనే అంటాను. మొదట వినగానే నాకూ ఆపేయొచ్చు కదా అనిపించింది. కానీ లెక్క వేసి చూడండి. కటింగ్‌లో 28 శాతం గుర్రాల్ని ఒక్కసారిగా పక్కన పెడితే మిగిలిన కొద్దిపాటి మగ గుర్రాల మీదే అందరూ పడతారు, ఇంకో పోకో బ్వేనో తయారవుతుంది, దాని రక్తంలో ఇంకేం దాగుందో మళ్లీ ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. క్యారియర్‌ని ఎన్/ఎన్ ఉన్న గుర్రంతో కలిపితే ఒక్క రోగపు పిల్ల కూడా పుట్టదు. సున్నా శాతం. ఆ పిల్లల్ని టెస్ట్ చేసి, మంచి కాపీలున్న వాటిని ముందుకు తీసుకెళ్తే నాలుగైదు తరాల్లో ఆ అక్షరం దానంతటదే పలచబడుతుంది, మంచి రక్తం పోకుండానే.

ఇప్పుడు అమెరికాలో ఏ మగ గుర్రం యాడ్ తెరిచినా, ఫోటో కింద గెలిచిన డబ్బు, తండ్రి పేరు, తల్లి పేరు, ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఈ టెస్టుల రిజల్ట్ ఉంటుంది. ఆడ గుర్రం ఉన్న రైతు ముందు తన గుర్రం రిపోర్ట్ చూసుకుంటాడు. తనది ఎన్/ఎన్ అయితే క్యారియర్ చాంపియన్‌కి కూడా ధైర్యంగా ఫోన్ చేస్తాడు. తనది ఎన్/హెచ్‌ఆర్‌డి అయితే, ఎంత పెద్ద చాంపియన్ అయినా, ఆ ఒక్క లైన్ చదివి పేజీ తిప్పేస్తాడు.

సరే, ఈ ఎపిసోడ్‌కి ఇంతే. డౌట్లుంటే అడగండి, వచ్చే వారం కలుద్దాం.